కళ నిలుచుట, కళ జీవించుట

భాగ్యనగరమునకు పడమటి దిక్కున మాదాపూర్ గ్రామము కలదు. నలువది సంవత్సరములకు పూర్వము అది బండరాళ్ల గుట్టలతో, ముండ్లపొదలతో, అక్కడక్కడ మెట్టచేలతో నిండిన పల్లెపట్టు. దాపుననే దుర్గము చెరువు. ఆ చెరువు నీరు పూర్వము గోలకొండ కోటకు పోయెడిదని పెద్దలు చెప్పుదురు. అట్టి గుట్టల నడుమ 1998 నవంబరు 22వ తేదీన నాటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయిగారు సైబర్ టవర్స్ అను గుండ్రని సౌధమును ప్రారంభించిరి. అది మొదలు ఆ పల్లెపట్టు హైటెక్ సిటీ యైనది. కొండాపూర్, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ మొదలగు చుట్టుపట్ల ఊళ్లు ఒకదానితో నొకటి కలిసి సైబరాబాదు అను క్రొత్తనగరమైనవి. నేడు లక్షలకొలది యువతీయువకులు అచ్చట కంప్యూటర్ల ముందు కూర్చుండి లోకమందలి లెక్కలను, లేఖలను, చిత్రములను, ధ్వనులను పోగుచేసి భద్రపరచు పనిలో నిమగ్నులై యున్నారు.

ఆ సౌధములకు మిక్కిలి చేరువలోనే వేరొక రీతి స్థానములు రెండు కలవు. ఒకటి శిల్పారామము. ఇది 1992లో సంకల్పింపబడినది. అనగా సైబర్ టవర్స్ ప్రారంభమునకు ఆరేండ్లు ముందే ఆ రాతినేలపై చేతిపనివారికొక చోటు తలపెట్టబడినదన్నమాట. నేతగాండ్రు, కుమ్మరులు, కంచరులు, బొమ్మలు చేయువారు తమ వస్తువులను తెచ్చి అచ్చట అమ్ముకొందురు. పల్లెటి యిండ్ల నమూనాలును అందు నిర్మింపబడినవి. రెండవది అన్నమయ్యపురము. పద్మశ్రీ డాక్టరు శోభారాజుగారు 1983లో స్థాపించిన అన్నమాచార్య భావనా వాహిని యను సంస్థకు అది నిలయము. సంకీర్తనల శిక్షణ, ఆరాధన అచ్చట జరుగుచున్నవి.

యంత్రములతో పనిచేయు నగరమున చేతిపనికి, పాటకు ప్రయోజన మేమి? ఇది కేవలము ఒక్క నగరమునకు చెందిన ప్రశ్న కాదు. సంఘమునకు కళవలన కలుగు మేలేమి యను పురాతన ప్రశ్నయే క్రొత్తచోట మరల తలయెత్తినది. మన శాస్త్రకారులు ఏ విషయమునైనను సంశయముతో మొదలిడి, పూర్వపక్షమును గౌరవముతో విని, పిమ్మట సిద్ధాంతమును చెప్పుదురు. ఆ మార్గముననే ఈ విషయమును విచారింపవచ్చును.

కళా శబ్దార్థము

కళ యనగా అంశము, భాగము అని యర్థము. చంద్రునకు పదునారు కళలు. ఒక్కొక్క కళ చేరగా చేరగా అతడు పూర్ణిమనాడు పూర్ణుడగును. మానవునియందును ఇట్లే పూరింపవలసిన వెలితి యొకటి కలదనియు, దానిని కొంచెము కొంచెముగా నింపునదియే కళయనియు ఈ శబ్దము సూచించుచున్నది. ముఖమున కళ కలదు, ఇంటికి కళ వచ్చినది, పెండ్లికళ అని మనవారు నిత్యము పలుకు మాటలలోను ఈ నిండుదనమే ధ్వనించుచున్నది.

శుక్రనీతి విద్యను, కళను వేరుపరచి చెప్పినది. వాక్కుచేత సాధింపదగినది విద్య. మూగవాడు సైతము చేయగలిగినది కళ. ఈ వివరణము చిన్నదైనను దీని లోతు గొప్పది. మాటలు రానివాడును తన చేతితో, చూపుతో, అడుగుతో లోకమునకు చెప్పగలిగినది కొంత కలదని దీని యాశయము. కుమ్మరి సారెపై కుండను లేపునపుడు ఉపన్యాసము చేయడు. అయినను ఆతని వ్రేళ్లలో తాతముత్తాతల జ్ఞానము కలదు.

ఐతరేయ బ్రాహ్మణమున శిల్పములను గూర్చిన ప్రసంగమొకటి కలదు. దేవశిల్పములను అనుకరించియే మానవుడు ఏనుగుబొమ్మను, కంచుపాత్రను, వస్త్రమును, బంగరు వస్తువును, కంచరగాడిదలు పూన్చిన రథమును నిర్మించుచున్నాడని అందు చెప్పబడినది. శిల్పముల పరమప్రయోజనము మాత్రము వస్తువు కాదనియు, చేయువాని ఆత్మ సంస్కరింపబడుటయే యనియు ఆ బ్రాహ్మణము నిర్ణయించినది. శిల్పి రాతిని చెక్కుచుండగా రాతితోబాటు తానును చెక్కబడుచున్నాడు. ఈ యొక్క మాట ఈ విచారమున కంతటికిని పునాది వంటిది.

మూడు పూర్వపక్షములు

కళ కేవలము భోగమని మొదటి పూర్వపక్షము. కడుపు నిండినవానికే పాట, బొమ్మ, నాట్యము. పనిలో మునిగినవానికి, కష్టములో నున్నవానికి వానితో పనిలేదు. కావున కళ లేకున్నను సంఘము నిలుచునని వీరి వాదము.

కళ సరకని రెండవ పూర్వపక్షము. కొనువాడున్న యెడల చేయువాడు చేయును, లేనియెడల మానును. బియ్యమునకు, ఉప్పునకు ఏ న్యాయమో బొమ్మకును అదే న్యాయము. ఇందులో ధర్మవిచారమునకు చోటు లేదని వీరి మతము.

మూడవ పూర్వపక్షము క్రొత్తది. ఇది కళను నిరాకరింపదు. పైగా మిక్కిలి గౌరవముతో మాటలాడును. కళలన్నిటిని యంత్రములలో భద్రపరచినాము. వేయి పాటలు అరచేతిలోని ఫోనులోనికి వచ్చినవి. తాళపత్రములకు, శిలలకు, చిత్రములకు ప్రతిబింబములు తీసి దాచినాము. ఇక నశించునన్న భయమేల? నేర్చువారు లేకున్నను కొరతయేమి? ఈ వాదము వినుటకు ఇంపుగా నుండును. అందుచేతనే మూడింటిలో దీనిని మిక్కిలి జాగ్రత్తగా పరీక్షింపవలెను.

కళ భోగమాత్రము కాదు

భరతముని నాట్యశాస్త్రము మొదటి అధ్యాయముననే మొదటి వాదమునకు సమాధానము కలదు. లోకము కామలోభములకు వశమై సుఖదుఃఖములలో చిక్కుకొనియుండగా ఇంద్రాది దేవతలు బ్రహ్మను సమీపించి, కన్నులకు, చెవులకును విందైనదియు, అన్ని వర్ణములవారికి చెందదగినదియునైన ఐదవ వేదమును సృజింపుమని ప్రార్థించిరి. ఆయన ఋగ్వేదమునుండి పాఠ్యమును, సామమునుండి గీతమును, యజుర్వేదమునుండి అభినయమును, అథర్వణమునుండి రసమును గ్రహించి నాట్యవేదమును నిర్మించెను. దుఃఖితులకు, శ్రమచే అలసినవారికి, శోకార్తులకు అది విశ్రాంతి నొసగునని ఆయనయే పలికెను. సుఖములో నున్నవారికి మాత్రమే యని ఆయన చెప్పలేదు.

ఆ కథలోనే మరియొక విశేషము కలదు. ఇంద్రధ్వజోత్సవమున జరిగిన మొదటి ప్రదర్శనములో దేవతల జయము, దైత్యుల పరాజయము చూపబడెను. దైత్యులు కినుకవహించి విఘ్నము కల్పించిరి. అప్పుడు బ్రహ్మ వారిని శాంతపరచుచు, ఇది దేవతల సొత్తు మాత్రము కాదనియు, మూడు లోకముల భావములును ఇందు అనుకరింపబడుననియు, ఇందు మీకును చోటు కలదనియు బోధించెను. సంఘమున పరస్పరము విరోధించినవారును ఒక్కచోట కూర్చుండి చూడదగినది కళ యని దీని తాత్పర్యము. సైబరాబాదులో తమిళులు, వంగీయులు, మరాఠీలు, పంజాబీలు, తెలుగుదేశపు నలుమూలలవారును ఒకే భవనమున పనిచేయుచు, ప్రక్కయింటివాని పేరు తెలియక జీవించుచున్నారు. వారికి జీతము ఒక్కచోట పనిని కల్పించినది. ఒక్కచోట మనసు కలుపుటకు జీతము చాలదు. అందరును కూర్చుండి చూచునది, వినునది, కలిసి పాడునది కావలెను.

మాదాపూర్‌నకు కొలది మైళ్ల దూరముననే గోలకొండ కోట కలదు. పదునేడవ శతాబ్దమున, గోలకొండ చివరి సుల్తాను అబుల్ హసన్ తానీషా కాలమున, పాల్వంచ పరగణా తహశీల్దారైన కంచెర్ల గోపన్న ఆ కోటలో బందీ యయ్యెను. సర్కారు సొమ్ముతో భద్రాద్రి రామునకు ఆలయము కట్టించినందులకు కలిగిన శిక్ష అది. పండ్రెండేండ్లు చెరసాలలో నుండెనని సంప్రదాయము. నేటికిని ఆ కోటలో రామదాసు బందిఖానా యని యొక చీకటిగదిని చూపి, గోడపై నున్న సీతారామలక్ష్మణుల, ఆంజనేయుని రూపములను ఆయన చెక్కినవని చెప్పుదురు. ఆయన కీర్తనలలో అనేకములు ఆ చెర యొక్క వేదననుండి పుట్టినవని తెలుగువారందరును ఎరుగుదురు.

కళ భోగమే యైనచో ఆ చీకటిగదిలో దానికి చోటెక్కడిది? సంకెలలతో నున్నవానికి ఏ విలాసము? అన్నియు పోయినపిమ్మట మిగిలినది పాట యొక్కటే. ఆ పాటలో ఆయన రామునితో పోట్లాడెను, నిందించెను, బ్రతిమాలెను, ఓదార్పు పొందెను. ఆ గోలకొండ రాజ్యము 1687లో మొగలుల చేతిలో అంతరించినది. ఆ కీర్తనలు మాత్రము ఇప్పటికిని పల్లెటి భజనమందిరములలో వినబడుచున్నవి. కడుపు నిండినవానికే కళ యనువారు ఈ యొక్క దృష్టాంతముచేతనే నిరుత్తరులగుదురు.

కళ సరకుమాత్రము కాదు

రెండవ వాదమున కొంత సత్యము కలదు. దానిని త్రోసిపుచ్చుట న్యాయము కాదు. మమ్మటాచార్యుడు కావ్యప్రయోజనములను చెప్పుచు కీర్తితోబాటు ధనమును గూడ లెక్కించెను. కళాకారునికి ఆకలి లేదని తలచుట పాపము. శిల్పారామమున బొమ్మను చేతబట్టి, ధరను సగమునకు సగము తగ్గింపుమని బేరమాడువారు, ఆ బొమ్మపై ఎన్ని దినముల శ్రమ కలదో ఒకమారు ఆలోచింపవలెను. అయితే తగిన వెల చెల్లించినంతమాత్రమున మన ఋణము తీరునా యన్నదే ప్రశ్న.

ఇందులకు చెర్యాల పటము మంచి ఉదాహరణము. నేటి సిద్దిపేట జిల్లాలో చెర్యాల కలదు. అచ్చటి నకాషీ చిత్రకారులు ఖద్దరుగుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల జిగురు పట్టించి, ఆరబెట్టి, దానిపై ఎర్రని నేపథ్యమున కథను వరుసగా చిత్రింతురు. నలువది అడుగులకు మించిన పటములును కలవు. ఈ పటములు గోడకు వ్రేలాడదీయుటకు పుట్టినవి కావు. కథ చెప్పువారు వానిని చుట్టగా చుట్టి ఊరూర త్రిప్పెడివారు. ఊరి నడుమ రెండు గుంజలు పాతి, పటమును కొంచెము కొంచెముగా విప్పుచు, వాద్యము మ్రోయించుచు రాత్రులెల్ల కథాగానము చేసెడివారు. కూనపులివారు పద్మశాలీలకు మార్కండేయ పురాణ కథను చెప్పుట యిందులకొక తార్కాణము. ఒక్కొక్క కులమునకు తన మూలపురుషుని కథ, తన వృత్తి గౌరవము ఆ పటమునుండియే తెలిసెడిది. పటము జీర్ణించినపుడు దానిని పారవేయక నదిలో నిమజ్జనము చేయుట ఆచారము. దేవతామూర్తికి చేయు మర్యాదయే దానికిని చేసెడివారు.

నేడు నగరములలో అమ్ముడగునవి చాలవరకు చిన్నచిన్న పటములు, గోడబొమ్మలు, ముఖాకృతులు. అవి అమ్ముడగుట మేలే. వానివలన చిత్రకారుని కుటుంబము బ్రతుకుచున్నది, కుంచె చేత నిలిచినది. కాని కొన్నవాని యింటిలో ఆ బొమ్మ యెవరిదని పిల్లవాడడిగినపుడు జవాబు చెప్పువారు లేనియెడల ఆ కళలో సగము మాత్రమే ఇల్లు చేరినట్లు. చిత్రమునకు తోడుగా కథ, కథకు తోడుగా గానము, గానమునకు తోడుగా వాద్యము, వీనినన్నిటిని వినుటకు ఒక ఊరు కలిసి పటముగా నుండెడిది. అంగడిలో దొరకునది గుడ్డ, రంగు మాత్రమే. ఊరు అంగడిలో దొరకదు.

విష్ణుధర్మోత్తర పురాణమున వజ్రుడను రాజు మార్కండేయ మహర్షిని ప్రతిమాలక్షణము చెప్పుమని ప్రార్థించెను. ప్రతిమాలక్షణము తెలియుటకు చిత్రసూత్రము తెలియవలెనని ఋషి చెప్పెను. చిత్రమునకు నృత్తము, నృత్తమునకు వాద్యము, వాద్యమునకు గీతము తెలియవలెనని క్రమముగా బోధించెను. ఒక కళను కోరి వచ్చినవానికి అన్నిటిని చూపి పంపినాడు. కళలు ఒకదానిచేయి ఒకటి పట్టుకొని యుండునని చెప్పుటకు ఇంతకుమించిన కథ లేదు. విడివిడిగా అమ్మునపుడు తెగిపోవునవి ఈ చేతులే.

భద్రపరచుట చాలునా?

ఇక మూడవ వాదము. దీనికి సమాధానము తిరుమల కొండమీదనే కలదు.

రాజంపేట సమీపమున తాళ్లపాకలో 1408లో జన్మించిన అన్నమాచార్యులవారు 1424 మొదలు 1503లో పరమపదించువరకు శ్రీనివాసునిపై సంకీర్తనములు రచించిరి. దినమున కొక్కటికి తక్కువ కాకుండ పాడుట ఆయన వ్రతము. ముప్పదిరెండువేల సంకీర్తనములు ఆయన రచించెనని మనుమడు చిన్నన్న తన ద్విపద చరిత్రమున చెప్పెను. కుమారుడు పెదతిరుమలాచార్యులు తండ్రి పాటలను రాగిరేకులపై చెక్కించెను. ఆ కాలమున తెలిసిన సాధనములలో అంతకంటె గట్టిది లేదు. తాటియాకును చెద తినును. రాగిరేకును ఏ పురుగును ముట్టలేదు. ఆ రేకులను తిరుమల ఆలయమునందే సంకీర్తన భాండారమను రాతిగదిలో భద్రపరచిరి. తండ్రి వాక్కు చెడరాదని ఆ కుమారుడు పడిన ఆరాటము, ఖర్చు మనము ఊహింపవలసినదే.

కాని కాలక్రమమున ఆ గది మూతపడినది. రేకులు చెడలేదు, అక్షరములు చెరగలేదు. అయినను దేశము ఆ పాటలను మరచినది. ఆచారముగా నిలిచిన కొలదిపాటి పాటలు తక్క తక్కినవి వినబడలేదు. 1922 ప్రాంతమున సాధు సుబ్రహ్మణ్యశాస్త్రిగారి కృషివలన అవి మరల వెలుగు చూచినవి. వేటూరి ప్రభాకరశాస్త్రిగారు, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు మొదలగు పెద్దలు వానిని చదివి, పరిష్కరించి లోకమునకందించిరి. పండ్రెండువేలకు పైబడిన అన్నమయ్య సంకీర్తనములు దొరికినవి.

అప్పుడొక సత్యము తెలియవచ్చినది. ప్రతి పాటకు శీర్షమున రాగము పేరు చెక్కబడియున్నది. అన్నమయ్య ఆ పాటను ఏ నడకలో పాడెనో, ఎచ్చట నిలిచెనో, ఎచ్చట విరిచెనో చెప్పు స్వరరచన మాత్రము లేదు. ఆ కాలమున అది వ్రాయవలసిన అవసరము కనబడియుండదు. వారి యింట పిల్లలందరికి ఆ వరుసలు కంఠస్థము గదా! మనుమలు పాడుదురు, మునిమనుమలు పాడుదురు అని వారు నమ్మియుందురు. పాడువారి పరంపర తెగినది. తెగిననాడే ఆ వరుసలు పోయినవి. రాగి అక్షరమును కాపాడినది. పాటను కాపాడలేకపోయినది. ముప్పదిరెండువేల పాటలలో నేడు మన చెవులకు అన్నమయ్య పాడినట్లే వినిపించునదని నిశ్చయముగా చెప్పదగినది ఒక్కటియు లేదు. ఈ నష్టము ఏ ధనముచేతను, ఏ యంత్రముచేతను తీరునది కాదు.

అయినను ఆ పాట లిప్పుడు జీవించుచున్నవి. ఎట్లు? రాళ్లపల్లివారు వానికి స్వరములు కూర్చిరి. శ్రీపాద పినాకపాణిగారు, నేదునూరి కృష్ణమూర్తిగారు వరుసలు కట్టిరి. తిరుమల తిరుపతి దేవస్థానము 1978లో అన్నమాచార్య ప్రాజెక్టును స్థాపించినది. ఎం.ఎస్. సుబ్బులక్ష్మిగారు దేవస్థానము కొరకు ఆ సంకీర్తనలను పాడిరి. 2025లో దివంగతులైన గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్‌గారు జీవితమంతయు వానికే అర్పించిరి. శోభారాజుగారి వంటివారు పిల్లలను చేర్చి నేర్పిరి. వారందరు కంఠము నిచ్చిరి. కంఠము లభించిననాడు రేకు మేల్కొన్నది. నాలుగు శతాబ్దములకు చేరువగా రాతిగదిలో నిదురించిన పాట నేడు జోలపాటగా తల్లుల నోట పలుకుచున్నది.

సైబరాబాదునకు ఇంతకంటె తగిన పాఠము వేరొకటి లేదు. ఆ నగరపు వృత్తియే భద్రపరచుట. అచ్చటివారు వాడు నిల్వకు ఆంగ్లమున క్లౌడ్ అని, అనగా మేఘమని పేరు. ఆ పేరు బాగున్నది. కాని మేఘము నీటిని మోయుచున్నంతమాత్రమున పంట పండదు. అది వర్షింపవలెను, నేల దున్నబడియుండవలెను, విత్తు చల్లబడియుండవలెను. రాగిరేకులు నాటి మేఘము. నేటి యంత్రములలోని నిల్వలును అట్టివే. భద్రపరచువారికి సంఘము కృతజ్ఞత చూపవలెను. పెదతిరుమలాచార్యులు రేకులు చెక్కింపకున్నచో మనకేమియు మిగిలియుండెడిది కాదు. ఐనను దాచుట సగము పని. నేర్చుట మిగిలిన సగము.

యంత్రము కళను సృజించునా?

ఈ కాలమున ఇంకొక సంశయము పుట్టినది. యంత్రము భద్రపరచుట మాత్రమే కాక, కోరినంతనే చిత్రమును గీయుచున్నది, పాటను కట్టుచున్నది. అట్లైనచో మానవుడు కష్టపడి నేర్వవలసిన దేమున్నది?

యంత్రములను చూచి మన పెద్దలు బెదరలేదు. పదునొకండవ శతాబ్దపు భోజమహారాజు సమరాంగణ సూత్రధారమున యంత్రములకొక అధ్యాయమునే కేటాయించి, కదలాడు కొయ్యబొమ్మలను గూడ వర్ణించెను. యంత్రము వలదనుట మన సంప్రదాయము కాదు. కాని ఐతరేయ బ్రాహ్మణము చెప్పిన మాటను ఇచ్చట స్మరింపవలెను. శిల్పమునకు ఫలము వస్తువైనచో యంత్రము చేసినను సరియే. శిల్పమునకు ఫలము చేయువాని సంస్కారమైనచో, యంత్రము మనకు బదులుగా ఆ పనిని చేయజాలదు. ఒకడు భుజించిన వేరొకని ఆకలి తీరదు. ఒకని బదులు వేరొకడు జపము చేసిన మనసు శుద్ధి యగునది జపము చేసినవానికే. బాలిక యొక్కతె సరళీస్వరములను నెలలతరబడి సాధన చేయుచున్నపుడు లోకమునకు క్రొత్త సంగీతమేమియు లభింపదు. లభించునది ఆ బాలికకు ఓర్పు, వినయము, శ్రుతిశుద్ధి. సంఘమునకు లభించునది అట్టి బాలిక.

సహృదయుని ధర్మము

అయితే అందరును గాయకులు, శిల్పులు కావలెనా? అక్కరలేదు. మన ఆలంకారికులు కవికి సమానమైన గౌరవమును సహృదయునకిచ్చిరి. కావ్యములను మాటిమాటికి అనుశీలించుటచే ఎవని మనస్సను అద్దము తుడువబడి నిర్మలమైనదో అతడే సహృదయుడని అభినవగుప్తపాదుల అభిప్రాయము. తుడువని అద్దమున ముఖము కనబడదు. అది ముఖము దోషము కాదు. కావున వినుటయు ఒక సాధనయే, చూచుటయు ఒక సాధనయే. అలసి యింటికి వచ్చి పాటను మ్రోగించి, దానిని వినక వేరు పనిలో మునుగుట వినుట కాదు.

ఈ నగరమువారికి ఆ శక్తి లేదని నిరాశ చెందవలసిన పనిలేదు. 2009 మే 10వ తేదీన సికింద్రాబాదు పెరేడ్ మైదానమున లక్షకు మించిన కంఠములు ఒక్కటై అన్నమాచార్య సప్తగిరి సంకీర్తనలను గానము చేసినవి. ఆ లక్షగళార్చనకు తిరుమల తిరుపతి దేవస్థానముతోబాటు పూనుకొన్న సిలికానాంధ్ర, కాలిఫోర్నియాలోని తెలుగువారు 2001లో నెలకొల్పిన సంస్థ. 2010 డిసెంబరులో ఆ సంస్థ ఆధ్వర్యముననే గచ్చిబౌలి మైదానమున 2,800 మందికి పైగా కూచిపూడి నర్తకులు ఒక్కసారిగా నాట్యమాడిరి. కంప్యూటరు విద్యకు, కళకు వైరము లేదనుటకు ఇవి ప్రత్యక్ష ప్రమాణములు. అయితే ఉత్సవము ఒక దినముది. ఆ దినమున పాడినవాడు మరునాడు తన యింట పాడుచున్నాడా యన్నదే అసలు పరీక్ష.

కావున ఈ విచారమునకు ప్రయోజనము ఇది. ప్రతి గృహస్థుడును తన యింట ఒక్క సంకీర్తనమునైనను తాను నేర్చి, పిల్లలకు నోటితో నేర్పవలెను. అపస్వరము దొరలినను నోటితో నేర్పిన పాటకు ప్రాణముండును. చేతిపనిని కొన్నపుడు తగిన వెల నిచ్చి, చేసినవారి ఊరును, ఆ బొమ్మ కథను అడిగి తెలిసికొని యింటివారికి చెప్పవలెను. ఆలయములు ఉత్సవములందు మ్రోగించు యంత్రములను కొంత తగ్గించి, ఒక నాదస్వర విద్వాంసునకు, ఒక హరికథకునకు, ఒక పటము కథ చెప్పువారికి పిలుపు పంపవలెను. పెద్ద సంస్థల యజమానులు తమ భవనముల గోడలకు చిత్రములు కొనుటతోబాటు, చిత్రకారుని పిలిపించి తమ ఉద్యోగుల పిల్లలకు కుంచె పట్టుట నేర్పింపవచ్చును. ఇవి యేవియు అసాధ్యములు కావు.

సాందీపని మహర్షి ఆశ్రమమున బలరామకృష్ణులు అరువదినాలుగు దినములలో అరువదినాలుగు కళలను అభ్యసించిరని భాగవత దశమస్కంధము చెప్పుచున్నది. సర్వజ్ఞుడైన భగవానుడే గురువు నెదుట కూర్చుండి నేర్చుకొన్నాడు. నేర్వవలసిన అవసరము ఆయనకు లేదు. నేర్చుకొనుటలోని శోభను లోకమునకు చూపుటయే ఆయన లీల.

శిల్పారామమను పేరున ఆరామ శబ్దము కలదు. ఆరామ మనగా తోట. తోటను ఒకమారు నాటినంతమాత్రమున సరిపోదు. ప్రతిదినము నీరు పోయు చేయి యొకటి కావలెను. రాతిగదిలో నాలుగు శతాబ్దములు ఓర్పుతో నిరీక్షించిన సంకీర్తనమును మరల మన నోటికి తెచ్చిన శ్రీవేంకటేశ్వరుడు, ఆ పాటను మరల నిదురపుచ్చని బుద్ధిని ఆ క్రొత్తనగరమువారికి, మనకందరికిని ప్రసాదించుగాక.